ఊరికే ఇచ్చిన రొట్టె

"శనివారం పొయ్యి ఆర్పేస్తున్నాను," అన్నాడు మొగుడు. అన్నది ఆమెతో కాదు, చేతుల కింద ఉన్న పిండి ముద్దతో.

ముఖ్యమైన మాటలన్నీ ఆయన పిండికే చెప్పుకుంటాడు. పక్కన ఉంటే ఆమె వింటుంది, లేకపోతే లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఇది ఆమెకు అలవాటైపోయింది. కానీ ఈ మాట చెవిన పడగానే అద్దాల బీరువా తుడుస్తున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆర్పేసి?"

"ఆర్పేసి ఏముంది? సోమవారం నుంచి పెద్ద స్టోరుకి పోతాను. రొట్టెల దగ్గర మనిషి కావాలట. మొన్న అడిగొచ్చాను."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"ఇప్పుడు చెప్తున్నానుగా."

ఆయన ముద్దను ఎత్తి బల్ల మీద దబ్బున వేశాడు. ఒకప్పుడు ఈ వేళకి బల్ల నిండా ముద్దలు వరసగా ఉబ్బుతూ ఉండేవి, ఆయన చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండేవి. ఇప్పుడు బల్లలో ఒక మూల చాలు. మిగతా బల్ల అంతా ఎండిపోయిన గీతలతో బోసిగా పడి ఉంది.

"అక్కడ పిండి ఎవరు కలుపుతారు?" అడిగింది ఆమె.

"కలపడాలు లేవు. గడ్డకట్టిన ముద్దలు అట్టపెట్టెల్లో వస్తాయి. యంత్రంలో పెట్టి మీట నొక్కాలి. అదే కాలుస్తుంది, అదే గంట కొడుతుంది. మనం తలుపు తెరవాలి."

"తలుపు తెరవడానికి నువ్వెందుకు?"

"తెల్ల చొక్కా, తెల్ల టోపీ వేసుకుని నిలబడ్డానికి. చూసేవాళ్ళకి చేత్తో చేసినట్టు కనబడాలట." ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చచ్చిపోయింది. "టోపీ వాళ్ళే ఇస్తారు. చొక్కా మనమే కొనుక్కోవాలి."

పొయ్యి సంగతి ఇద్దరికీ తెలుసు. కొట్టు వెనక గోడకు ఆనుకుని నిలువెత్తున కట్టిన ఇటుకల గూడు అది. సెలవు రోజున కూడా నిప్పుల మీద బూడిద కప్పి పడుకోబెట్టేవాళ్ళే కానీ, పూర్తిగా చల్లారనిచ్చింది లేదు. చల్లారితే ఇటుకలు చెమ్మ పీలుస్తాయి. మళ్ళీ వేడి తగలగానే పెటపెటా పగుళ్ళిస్తాయి. అలాంటి పొయ్యి కట్టే మేస్త్రీలు ఇప్పుడు లేరు, ఉన్నా పిలిచే తాహతు వీళ్ళకు లేదు. అందుకని శనివారం ఆర్పడమంటే, ఆదివారం తీరిగ్గా ఆలోచించుకుని సోమవారం మళ్ళీ రాజేసుకోవడం కాదు. ఆరితే ఆరినట్టే.

ఆమె ఏడవలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సందు మీద కోపం. ఈ సందులో పుట్టిన ప్రతి పిల్లకీ పళ్ళొచ్చేటప్పుడు నమలడానికి ఈ కొట్టు రొట్టె పెచ్చే ఇచ్చారు. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండాలి, కానీ అందరూ రొట్టెలమ్మ అనే పిలుస్తారు. అలా పిలిచిన నోళ్ళన్నీ ఇప్పుడు పెద్ద రోడ్డు మీద స్టోరు పెట్టగానే అటు తిరిగాయి. మొన్నటి దాకా వరసలో నిలబడ్డవాళ్ళు ఇప్పుడు కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే అవతలి పక్కకు దాటి, చెప్పుల వైపు చూసుకుంటూ పోతున్నారు.

ఆ పూట వచ్చింది ఒక్కడే, సందు మొదట్లో చెప్పులు కుట్టే తాత. వచ్చి బల్ల ముందు నిలబడి జేబు తడుముకున్నాడు. ఆమె చూసింది. ముందు రోజు మిగిలిన రొట్టె ఒకటి తీసి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. తాత డబ్బులు తియ్యబోతుంటే ఆ పిడికిలిని తన రెండు చేతులతో మూసేసింది.

"ఉంచు తాతా. మన మధ్య డబ్బులేంటి?"

"అది కాదమ్మా..."

"ఉంచమన్నానా!"

తాత రొట్టె పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డాడు. ఏదో అడగబోయినవాడిలా అద్దాల బీరువా వైపు, వేడి రొట్టెల వైపు చూశాడు. ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

"దానకర్ణుడి చెల్లెలు," అని గొణిగాడు మొగుడు లోపలి నుంచి.

"ఒక్క రొట్టెకి మన కొంప మునిగిపోదులే."

"మునిగేది ఎలాగూ మునిగింది. ఇస్తే ఇయ్యి."

ఎంత కరువులోనైనా తన చెయ్యి వెనక్కి పోలేదని ఆమెకు లోలోపల ఒక గర్వం ఉండేది. సందంతా మోసం చేసినా తాను మాత్రం చెడ్డది కాలేదు అన్న మాట ఒక్కటే ఆ రోజుల్లో ఆమెకు మిగిలిన ఆసరా.

*

బుధవారం సాయంత్రం తలకు గుడ్డ చుట్టుకుని పెద్ద స్టోరుకు వెళ్ళింది. తెల్ల చొక్కా కావాలి కదా. ఇల్లు దోస్తున్న దొంగకు దీపం పట్టి దారి చూపించినట్టుంది తన పని అనుకుంది. అయినా నడిచింది.

లోపల వెలుతురు ఎక్కువ, మాటలు తక్కువ. ఎవరి బుట్ట వాళ్ళది, ఎవరి చూపు వాళ్ళది. రొట్టెల విభాగం ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి బట్టల వైపు వెళ్ళింది. మొగుడి కొలత ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు. కంటి అంచనాతో ఒకటి తీసి బుట్టలో పడేసింది. చొక్కా మెడకింద అట్టముక్క, చేతులకు గుండుసూదులు, పైన మెరిసే సంచి. చవక. ఎంత చవకంటే, ఎవడు కుట్టాడో వాడికి ఏం మిగిలిందో అన్న ఆలోచన కూడా రానంత చవక.

డబ్బులు కట్టే చోట మనుషుల వరస పెద్దదిగా ఉంది. పక్కన యంత్రాల దగ్గర ఖాళీగా ఉంటే అటు వెళ్ళింది. ముందు నిలబడ్డ మనిషి సరుకును యంత్రానికి ఎలా చూపించాలో తెలియక తిప్పలు పడుతున్నాడు. ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు, యంత్రం కూత పెడుతుంది. ఆ వంగిన వీపు, మెడలో వేలాడుతున్న కొలతల టేపు చూసి ఆమె గుర్తుపట్టింది. సందులో తమకు ఎదురు వరసలో ఉండే దర్జీ. ఆమె అన్నయ్యా అని పిలుస్తుంది. అందుకే ఆమె మొగుడు బావా అని పిలుస్తాడు. ఇంటి నుంచి ఎక్కడికి పోయినా మెడలో టేపు తియ్యడం మర్చిపోయే మనిషి.

అతని చేతిలో ఉన్నది రొట్టె. ముక్కలు కోసి ప్లాస్టిక్ సంచిలో కట్టిన స్టోరు రొట్టె.

దర్జీ వెనక్కి తిరిగాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. అతని చూపు కిందికి, ఆమె బుట్టలోకి జారింది. తెల్ల చొక్కా మీద ఆగింది.

"చెల్లెమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె మొహం తిప్పేసుకుంది. దర్జీ ఇంకొంచెం సేపు అక్కడే తచ్చాడి, రొట్టెను టేపు వెనక దాచుకున్నట్టుగా గుండెకు హత్తుకుని వెళ్ళిపోయాడు. కొలతల టేపు వెనక రొట్టె దాగుతుందా ఎక్కడైనా!

ఇంటికి వచ్చేసరికి ఆమె ఉడికిపోతోంది. "చూశావా! నా చేతి రొట్టె ఎన్నిసార్లు తిన్నాడు! ఒక్కనాడైనా డబ్బు తీసుకున్నానా? కొట్టు ముందు కనబడితే చాలు, పిలిచి మరీ ఇచ్చానే! ఊరికే వస్తుంటే కాదని పోయి, డబ్బులు పోసి ఆ దూదిముక్కలు కొనుక్కుంటున్నాడు! అంత చేదైపోయామా?"

మొగుడు సంచి విప్పి చొక్కా బయటికి తీశాడు. "ఇదెక్కడ కొన్నావు?"

"అక్కడే. ఎందుకు?"

"ఏం లేదు. అడిగాను."

"అది వేరు," అంది ఆమె.

"ఏం వేరు?"

ఆమెకు ఇంకా కోపం వచ్చింది. చొక్కా లాక్కుని గుండుసూదులు పీకి ఆయన మీదకు విసిరింది. ఆయన చేతులు దూర్చాడు. ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులవి, భుజాల దగ్గర దుంగల్లా ఉంటాయి. చొక్కా సగం ఎక్కి అక్కడ బిగుసుకుపోయింది. రెండు చేతులూ గాల్లో ఉండగా, అటు ఎక్కించుకోలేక ఇటు తీసుకోలేక ఆయన గది మధ్యలో నిలబడిపోయాడు.

"ఇది మనిషికి కుట్టింది కాదే, హ్యాంగరుకి కుట్టింది."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. అది పూర్తిగా వెళ్ళకముందే ఆయన చొక్కా లాగి బల్ల మీద పెట్టాడు. "బావ దగ్గరికి తీసుకెళ్ళు. భుజాలు వదులు చేస్తాడు."

"నేనా? వాడి మొహం చూడను."

"అయితే సోమవారం చొక్కా లేకుండా పోతాను. అదీ బాగానే ఉంటుంది, వేడిగా ఉంటుందిగా యంత్రం దగ్గర."

*

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళింది. వెళ్ళేది చొక్కా కోసమే అయినా, నాలుగు మాటలు అనేసి రావాలన్న ఉద్దేశం బలంగా ఉంది. ఆ నాలుగు మాటలూ పొద్దుటి నుంచీ సిద్ధం చేసుకుంది. దర్జీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి కుట్టుమిషన్ చప్పుడు వినబడింది. టకటకా టకటకా, ఆగకుండా. చేతినిండా పని ఉందన్నమాట, అనుకుంది. పని ఉంది, డబ్బుంది, నా రొట్టె మాత్రం గొంతు దిగదు.

గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది.

మిషన్ మీద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు. దర్జీ రెండు కాళ్ళతో తొక్కుతున్నాడు, చేతులు బల్ల మీద ఊరికే ఉన్నాయి, సూది ఖాళీగా పైకీ కిందికీ ఆడుతోంది. అతని పెళ్ళాం పక్కన నేల మీద కూర్చుని పాత గుండీలను రంగుల వారీగా సర్దుతోంది. అప్పటికే సర్ది ఉన్న గుండీలవి.

ఆమెను చూడగానే దర్జీ కాళ్ళు ఆగాయి.

"రా వదినా," అంది దర్జీ పెళ్ళాం. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి తనే చెప్పేసింది. "రోజూ ఇంతే. చప్పుడు ఆగితే కొట్టు ఎత్తేశారనుకుంటారని ఈయన భయం."

రొట్టెలమ్మ సిద్ధం చేసుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చొక్కా ముందుకు చాపింది. ఎక్కడ కొన్నదో అతనికి తెలుసు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. దర్జీ దాన్ని మామూలుగానే అందుకున్నాడు. తిరగేసి లోపలి కుట్లు చూశాడు.

"భుజాలేనా? చంకల దగ్గర కూడా పట్టేస్తుందే బావకి. లోపల గుడ్డ మిగల్చలేదు వీళ్ళు, వదులు చెయ్యడానికి. చూద్దాం, ఏదో ముక్క వేస్తాను."

బ్లేడు తీసి కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో పోగూ తెంపి, గుడ్డకు గీత పడకుండా లాగుతూ, విప్పిన దారాన్ని కూడా పారెయ్యకుండా వేలికి చుట్టుకుంటూ. పాత తెల్లగుడ్డలు వెతికి, రంగు కలిసేదాకా వెలుతురులో పెట్టి చూసి, చంకల కింద ముక్కలు కత్తిరించాడు. పెళ్ళాం సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఇద్దరి చేతులూ ఒకదానికొకటి తెలిసిన పనిలా కదిలాయి. మిషన్ మళ్ళీ తిరిగింది. ఈసారి దాని చప్పుడు వేరుగా ఉంది, గుడ్డ మీద నడిచే బరువైన చప్పుడు. రొట్టెలమ్మ ఆ చప్పుడు వింటూ స్టూలు మీద కూర్చుండిపోయింది. తన కొట్టు నుంచి ఈ కొట్టుకు పట్టుమని పాతిక అడుగుల దూరం లేదు. చొక్కా కావాలి అనుకున్నప్పుడు ఈ గుమ్మం తన మనసులోకే రాలేదు.

ఇస్త్రీ చేసి, మడిచి, కాగితం చుట్టి ఇచ్చాడు దర్జీ.

"ఎంతన్నయ్యా?"

"ఏమొద్దులే చెల్లెమ్మా. ఉంచు."

"అదేం కుదరదు. చెప్పు."

"మన మధ్య డబ్బులేంటి?" డబ్బులు పట్టుకున్న ఆమె చేతిని అతను వేళ్ళతో మెల్లగా మూసేశాడు.

ఆమె మొహం వేడెక్కింది. ఎందుకో తల ఎత్తలేకపోయింది. చొక్కా పట్టుకుని లేచి రావాలో, అక్కడే పెట్టేసి రావాలో తెలియలేదు. సూదిలో దారం లేకుండా మిషన్ తొక్కుతున్నవాడి దగ్గర ఊరికే పని చేయించుకుని, ఆ పొట్లం చంకలో పెట్టుకుని గుమ్మం దాటడం కంటే కాళ్ళ కింద నేల చీలిపోతే బాగుండుననిపించింది.

"తీసుకో అన్నయ్యా! నువ్వు తీసుకోకపోతే రేపు మళ్ళీ నీ గడప ఎలా తొక్కేది నేను?"

దర్జీ పెళ్ళాం గుండీల మీద నుంచి తలెత్తింది.

దర్జీ నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది. "ఈ మాట నీతో ఎలా చెప్పాలా అని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నానో చెల్లెమ్మా. నీ నోటి నుంచే వచ్చింది."

ఆమెకు ఒక్కసారిగా అర్థం కాలేదు. అర్థమయ్యే కొద్దీ కూర్చోవాలనిపించింది, కూర్చుంది.

"నీ రొట్టె ఇష్టం లేకనా? ఆ స్టోరు రొట్టె నోట్లో పెట్టుకుంటే పిడచ కడుతుంది. కానీ అక్కడ డబ్బులిస్తే తీసుకుంటారు. యంత్రమైతే మన మొహం కూడా చూడదు. నీ దగ్గరికొస్తే పదిమందిలో చెయ్యి మూసేసి ఉంచన్నయ్యా అంటావు. మొన్న ఊరికే తీసుకున్నవాడిని, నిన్న ఊరికే తీసుకున్నవాడిని, ఇవాళ మళ్ళీ ఏ మొహం పెట్టుకుని రానూ?"

"మొదట్లో ప్రేమ అనుకున్నాం వదినా," అంది దర్జీ పెళ్ళాం. "తర్వాత్తర్వాత మీ కొట్టు ముందు నుంచి నడవడం మానేశాం."

రొట్టెలమ్మకు అవతలి పక్కకు దాటి చెప్పుల వైపు చూసుకుంటూ పోయే మొహాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. స్టోరు లాక్కున్నవాళ్ళు కొందరు ఉండే ఉంటారు. కానీ తానే తరిమేసిన వాళ్ళు ఎందరు? పని పోయినవాళ్ళు, కొట్లు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, ఎవరికి ఇబ్బందని తెలిస్తే వాళ్ళ చేతులనే కదా వెతికి వెతికి మూసేసింది! రొట్టె ఊరికే ఇచ్చింది. వాళ్ళకు ఇవ్వవలసిన పని మాత్రం తీసుకెళ్ళి పెద్ద రోడ్డు మీది స్టోరుకు ఇచ్చింది. ఇన్నాళ్ళూ తనకు మిగిలిన ఆసరా అనుకున్నది కాస్తా చేతుల్లోంచి జారిపోయింది. సిగ్గుతో ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"తీసుకో అన్నయ్యా," అంది మళ్ళీ.

ఈసారి దర్జీ తీసుకున్నాడు.

*

శుక్రవారమంతా ఆమె సందులో తిరిగింది. తెగిన చెప్పు తాత ముందు పెట్టింది, అరిగిన కత్తికి సాన పట్టించింది, ఆగిపోయిన గోడ గడియారాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళి బాగుచేయించింది. అడిగినంతా ఇచ్చింది. ఇచ్చి, ప్రతి గుమ్మంలో ఒకే మాట చెప్పింది. "రేపు రొట్టెకి రండి. డబ్బులు తీసుకుంటాను. ఒట్టు, తీసుకుంటాను."

జీవితంలో ఎవరినీ ఏమీ అడగని మనిషి. ఇవ్వడం ఎంత సులువో, అడగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కొందరు తల ఊపారు. కొందరు వింతగా చూశారు. తాత చెప్పుకు చివరి కుట్టు వేసి, దారం పళ్ళతో తెంపి, "చూద్దాంలే అమ్మా," అన్నాడు. అందులో అవునూ లేదు, కాదూ లేదు.

ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది. ఆయన పిండి గిన్నె కడుగుతూ విన్నాడు. దర్జీ అన్న మాటల దగ్గర మాత్రం చేతులు ఆగాయి. మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"వస్తారంటావా?"

"వస్తారు."

"వస్తామన్నారా?"

ఆమె బాగుచేయించిన గడియారాన్ని గోడకు తగిలించింది.

"ఆశ పెట్టుకోకు," అన్నాడాయన. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. "కట్టెలు రేపటి వరకే ఉన్నాయి. చూపులతోనూ తల ఊపడాలతోనూ పొయ్యి మండదు."

*

శనివారం పొద్దున ఆయన పని చేసిన తీరు చూస్తేనే ఆమెకు తెలిసిపోయింది. ముద్దలు చేశాడు, కానీ పొంగాయో లేదో తట్టి చూడలేదు. పొయ్యిలో నిప్పులు పక్కకు లాగాక లోపలి గచ్చును తడి గోనెతో తుడవాలి, అప్పుడే అడుగు వేడి సమంగా ఉంటుంది. తుడవలేదు. పొడుగాటి చెక్క తెడ్డు మీద రొట్టెలు పెట్టి, చివరి చాకిరీ అన్నట్టు లోపలికి తోసి, వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

రొట్టెలు బీరువాలోకి వచ్చాయి. ఆమె తలుపు బార్లా తెరిచి బల్ల వెనక నిలబడింది.

ఎవరూ రాలేదు.

పాల సైకిలు పోయింది. బడిపిల్లలు పోయారు. గడియారాల మనిషి తన కొట్టు తెరిచి, ఇటు చూసి, లోపలికి పోయాడు. తాత సందు మొదట్లో పెట్టె సర్దుకుంటూ కనబడ్డాడు, తల ఎత్తలేదు. ఎండ గుమ్మం దాకా వచ్చి, గుమ్మం దాటి బల్ల కాళ్ళ దాకా వచ్చింది. రొట్టెల మీద వేడి పోయింది. ప్రతి అడుగు చప్పుడుకూ ఆమె గుమ్మం వైపు చూస్తోంది. నిన్న గుమ్మం గుమ్మం తిరిగి ఒట్లు పెట్టిన తన గొంతు తనకే వినబడి ఒళ్ళు కుంచించుకుపోతోంది. ఆలస్యమైపోయింది. ఒకసారి సిగ్గుపడ్డ మనిషి ఒక మాటకే తిరిగి వస్తాడా? తానైతే వస్తుందా?

లోపల మొగుడు లేచాడు. గోడవారగా ఉన్న పొడుగాటి ఇనుప కొక్కెం తీసుకున్నాడు. పెద్ద ఇనుప తొట్టి ఈడ్చుకొచ్చి పొయ్యి నోటి ముందు పెట్టాడు.

"ఇంకాసేపు చూద్దాం," అంది ఆమె.

"చూశాం కదే."

"సాయంత్రం దాకా."

"సాయంత్రం అయితే మాత్రం? వద్దు. వెలుతురుండగానే కానిచ్చేస్తాను." ఆయన కొక్కెం పొయ్యిలోకి దూర్చాడు. "నువ్వు ఇటు రాకు."

కొక్కెం ఇటుకల మీద గీరుకుంది. మొదటి విడత నిప్పులు గలగలమంటూ తొట్టిలో పడ్డాయి. ఆమె రెండు చేతులతోనూ బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు ఆమె ఎముకల్లోకి దిగింది. ఇంకో విడత పడింది.

"చెల్లెమ్మా, రొట్టె."

కళ్ళు తెరిచింది. దర్జీ బల్ల ముందు నిలబడి ఉన్నాడు, మెడలో టేపుతో. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో డబ్బులు.

ఆమె రొట్టె తీసి ఇచ్చింది. అతను డబ్బులు చాపాడు. ఆమె చేతులు రెండూ వాటంతటవే ముందుకు కదిలాయి, ఆ పిడికిలిని మూసెయ్యడానికి. మధ్యలో ఆగాయి. ఒక చేతిని వెనక్కి తీసుకుని, బోర్లించి ఉన్న రెండో చేతిని వెల్లకిలా తిప్పింది. జీవితంలో ఆమె చేసిన పనుల్లో ఇంత కష్టమైనవి తక్కువ. డబ్బులు అరచేతిలో పడ్డాయి. సొరుగు తెరిచి చిల్లర వెతికి ఇచ్చింది. దర్జీ చిల్లర సరిచూసుకుని జేబులో వేసుకున్నాడు.

వేసుకుని వెళ్ళిపోలేదు. రొట్టెను తిరగేసి చూశాడు. గోటితో అడుగు గీరాడు. నల్లటి పొడి రాలింది.

"మాడింది," అన్నాడు.

"ఆఁ?"

"అడుగు మాడిపోయింది చెల్లెమ్మా. డబ్బులు పోసి బొగ్గు కొనుక్కెళితే మీ వదిన నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? వేరేది ఇయ్యి."

ఆమె గబగబా ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఇంకొకటి. దర్జీ ఒక్కోదాన్నీ తిరగేసి, గీరి, పెదవి విరిచి పక్కన పెడుతున్నాడు. గుడ్డ కొనేవాడు నేత పరీక్షించినట్టు చూస్తున్నాడు. బల్ల మీద నల్లపొడి పేరుకుంటోంది.

"అన్నీ మాడ్చారే!" అన్నాడు గొంతు పెంచి. "ఇదేం కాల్చడం?"

లోపల కొక్కెం చప్పుడు ఆగింది.

మొగుడు బయటికి వచ్చాడు. మొహం నిండా బూడిద, చేతిలో కొక్కెం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎవడు మాడ్చాననేది?"

"నేనే బావా."

ఆయన ఒక రొట్టె లాక్కుని తిరగేశాడు. చూశాడు. ఇంకొకటి తిరగేశాడు. అబద్ధం చెప్పడానికి వీలుగా ఒక్కటీ కనబడలేదు.

"ఇవాళ ఏదో... మనసు బాగోలేక..."

"ఇవాళేంటి బావా? ఈ మధ్య నీ చెయ్యి మొత్తానికి పాడైంది. ఓసారి ఉప్పు ఎక్కువ, ఓసారి లోపల పచ్చి. ఎన్నాళ్ళ నుంచో ఇదే వరస."

"ఎన్నాళ్ళ నుంచోనా?" ఆయన అరిచినంత పని చేశాడు. "మరి ఒక్కనాడైనా చెప్పవేం?"

"డబ్బులు తీసుకుంటే కదా చెప్పడానికి!"

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. చేతిలోని రొట్టె వైపు చూశాడు. బూడిద కింద మొహం ఎర్రబడటం ఆమెకు కనబడింది. కోపమే అది. నెలల తర్వాత ఆయనకు ఎవరి మీదో కాక తన పని మీద వచ్చిన కోపం.

"రేపు రా," అన్నాడు దర్జీతో, వేలు చూపించి. "రేపు పొద్దున రా నువ్వు. అడుగు తిప్పి చూపించి మరీ ఇస్తాను. అప్పుడు చెప్పు మాడిందో లేదో."

"రేపు ఆదివారం బావా."

"ఆదివారమైతే నీ కడుపుకి సెలవా?"

విసురుగా లోపలికి పోయాడు. ఆమె విన్నది. తొట్టి పొయ్యి నోటికి ఎత్తిన చప్పుడు. నిప్పులు గలగలమంటూ వెనక్కి పడ్డ చప్పుడు. ఉన్న కొద్ది కట్టెల్లో ఒకటి వాటి మీద పడింది. కొంతసేపటికి అది చిటపటమంది.

దర్జీ మాడినవాటిలో తక్కువ మాడిన రొట్టె ఒకటి ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. ధర తగ్గించమని అడిగాడు. ఆమె తగ్గించనంది. ఇద్దరూ కాసేపు బేరమాడారు. చివరికి ఆమె కొంచెం తగ్గించి, ఆ కాస్తా తిరిగి ఇచ్చింది. అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అతను దాటి వెళుతుంటే సందు మొదట్లో తాత తలెత్తి, ఆ సంచి వైపు, తర్వాత ఈ కొట్టు వైపు చూశాడు.

సొరుగులోకి ఇవాళ వచ్చింది ఒక్క రొట్టె డబ్బు. బల్ల మీద ఎవరూ కొనని నల్లటి రొట్టెలు గుట్టగా ఉన్నాయి. రేపటికి ఉన్న గిరాకీ ఒక్కడు, వాడూ వంకలు పెట్టేవాడు. పొయ్యి ఇంకెన్నాళ్ళు మండుతుందో ఆమెకు తెలియదు, సోమవారం ఆయన ఎటు పోతాడో కూడా తెలియదు. అయినా ఆమెకు కడుపు నిండినట్టుగా ఉంది. ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి ఆమె ముఖంలోకి సూటిగా చూసి, నీ రొట్టె బాగోలేదని చెప్పి వెళ్ళాడు.

"ఏమే!" లోపలి నుంచి మొగుడి కేక. "ఆ గోనె ఎక్కడ తగలేశావు? తడిపి తీసుకురా, గచ్చు తుడవాలి."

"వస్తున్నా," అని ఆమె నీళ్ళ బాల్చీ అందుకుంది.